చచ్చినవాళ్లతో పేచీ

యాకమ్మకు బతికున్నవాళ్లతో పెద్దగా పేచీలు లేవు. ఆమె కొట్లాటంతా చచ్చినవాళ్లతోనే.

దంతాలపల్లి చుట్టుపక్కల ఏ ఊళ్లో చావు డప్పు మోగినా, చేతిలో పని చేతిలోనే వదిలేసి కొంగు నడుముకు చెక్కుకునేది. లోకమంతా చావింటికి ఏడవడానికి పోతుంది. ఈమె మాత్రం తగాదాకు పోయేది. పోయి, ఆడవాళ్ల గుంపులో కాదు, నేరుగా శవం తలాపున కూర్చునేది. ముఖంలోకి తేరిపార చూసి, గొంతు సవరించుకుని అందుకునేది.

"ఏమయ్యా, గిప్పుడే దొరికిందా నీకు? నాట్లు ముందట పెట్టుకొని సచ్చుడేంది? కూలోళ్లు దొరుకుతలేరని మొన్ననే మొత్తుకుంటివి గదా. ఇగ నీ మడి ఎవలు చూడాలె?"

ఎప్పుడు చచ్చినా ఆమె లెక్కలో తప్పే. వానాకాలం పోతే నాట్లప్పుడేందని, యాసంగిలో పోతే కోతలప్పుడేందని, ఎండాకాలం పోతే పెండ్లిళ్లప్పుడేందని నిలదీసేది. ఏ కాలమైతే ఆమెకు సమ్మతమో ఒక్కసారైనా చెప్పి ఉంటే జనం ఆ ప్రకారం సర్దుకునేవాళ్లేమో. ఊళ్లో ఒక ముసలాయన జ్వరంతో మంచం పట్టి ఉంటే, యాకమ్మ చూడటానికి వస్తోందన్న మాట చెవిన పడగానే లేచి గోడకానుకుని కూర్చున్నాడట. "నేనింక పోలే, నువ్వు మళ్లిపో" అన్నాడట.

కొడుకు ఐలయ్య నలుగురిలో నోరు విప్పని మనిషి. తల్లి వల్ల ఆ నలుగురిలోకి పోవడమే మానుకున్నాడు.

"అవ్వా, సచ్చినోళ్లను తిడ్తరా ఎవలన్న?" అని ఒకనాడు మొత్తుకున్నాడు.

"బతికున్నప్పుడు తిడ్తె మీదికొస్తరురా. గిప్పుడైతె నిమ్మలంగ వింటరు."

మనుమరాలు రూప తొర్రూరులో ఒక బడిలో టీచరు. బడిపిల్లలు కూడా "టీచర్, నిన్న మా తాతను మీ నాయినమ్మ మస్తు తిట్టింది" అని చెప్పేవాళ్లు. ఆ చెప్పడంలో ఫిర్యాదు కంటే సంబరమే ఎక్కువ కనిపించేది. అది రూపకు మరింత తలవంపులుగా ఉండేది.

ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేకుండా పోయాక యాకమ్మకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. ఆధార్ కార్డు కొంగుకు ముడేసుకుని, బస్సులు మారి రేగొండ దాకా పోయింది. అక్కడ ఆమె చెల్లెలి కొడుకు ఇమ్మానుయేల్ చనిపోయాడు. పాస్టరుగారు కళ్లు మూసుకుని, ఈ బిడ్డను పరలోకంలో చేర్చుకొమ్మని ప్రార్థిస్తున్నారు.

"పరలోకంల నువ్వు లేకుంటె ఏం పని ఆగిందిరా?" అని మధ్యలోంచి యాకమ్మ గొంతు లేచింది. "నీ పెండ్లానికి బండి నేర్పిస్తనంటివి. నేర్పినవా?"

పాస్టరుగారు ఒక కన్ను తెరిచారు. ఇమ్మానుయేల్ భార్య రాజీ దిగ్గున లేచింది.

"ఆయన్నేమనకు పెద్దత్తా! ఎన్నిసార్లు నేర్పిస్తనన్నడో! నేనే భయపడి దిగిన. మళ్ల ఎక్కమని బతిమిలాడిండు!"

"బతిమిలాడితె సరిపోద్దా?"

ఇద్దరూ వాదులాడుకున్నంతసేపూ ప్రార్థన ఆగిపోయింది. పోయేముందు పాస్టరుగారు మర్యాదగానే చెప్పారు.

"అమ్మా, ఇంకోసారి ఇట్లాంటి పని పడితే ప్రార్థన అయిపోయినంక తిట్టండి."

"గట్లనే అయ్యగారూ. మీరు గూడ జర జల్ది కానియ్యుండ్రి."

వీటన్నిటినీ మించింది మాజీ సర్పంచ్ సంజీవ తండ్రి, పెద్ద పటేలు పోయిన రోజు. వాకిట్లో కార్లు, కార్లలో నాయకులు, చేతుల్లో నిలువెత్తు దండలు. శవాన్ని అద్దాల ఫ్రీజరులో పెట్టారు. సంజీవ గేటు దగ్గరే అడ్డం పడ్డాడు.

"యాకమ్మా, ఇయ్యాల పెద్ద పెద్దోళ్లొచ్చిండ్రు. జర నోరు కట్టుకో."

"పెద్దోళ్లతోటి నాకేం పని? మీ బాపుతోటి ఉన్నది."

తోసుకుంటూ పోయి తలాపున కూర్చుని ఫ్రీజరు అద్దం మీద టకటకా కొట్టింది.

"మూత తియ్యుండ్రి. పటేలుకు వినవడ్తలేదు."

ఎవరూ తీయలేదు. ఆమె గొంతు పెంచింది. "నా బర్రె నీ చేన్ల రెండాకులు నమిలిందని బందెలదొడ్ల పెట్టిస్తివి. నా పిల్లలు పాలు లేక పండుకున్నరు. అప్పుడు మస్తు లేచె గదా నోరు, గిప్పుడు లేవదేం?"

వాకిలంతా బిగుసుకుపోయింది. పటేలు భార్య సునందమ్మ పొద్దుటి నుంచీ గోడ వారగా కదలకుండా కూర్చుని ఉంది. ఆమె ఒక్క ఉదుటున లేచింది.

"యాకమ్మా! తెల్లారి నీ ఇంటికి చెంబెడు పాలు పంపిందెవరు? ఆయనే! నాకు గూడ చెప్పకుండ దొంగతనంగ పంపిండు. ఎసొంటి మనిషిని పట్టుకొని ఏం మాట్లాడ్తున్నవ్!"

"చెంబెడేనా? నా బర్రె ఇచ్చేది బకెటెడు!"

ఇద్దరూ అట్లా అరుచుకుంటుంటే నాయకులు దండలు మోస్తూ ఎండలో నిలబడ్డారు. సంజీవ ఆ తర్వాత ఐలయ్యతో మాట్లాడటం మానేశాడు. ఐలయ్య ఇంటికొచ్చి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల్లి మీద గొంతెత్తాడు.

"ఇగ నువ్వు ఏ సావుకూ పోవద్దు!"

"నా సావుకన్న పోనిస్తవా, లేదా?" అంది యాకమ్మ.

ఆ సావు ఒక ఆదివారం పొద్దున వచ్చింది. పొయ్యి మీద యాటకూర ఉడుకుతోంది. "ఉప్పు సరిపోయిందేమో చూడు బిడ్డా" అని రూపకు చెప్పి, మంచం మీద ఒరిగి, ఇక లేవలేదు.

భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మనుమడు సాయికుమార్ వచ్చేదాకా ఉంచాలని ఫ్రీజరు తెచ్చారు. ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లంతా బంగారమసొంటి మనిషన్నారు, దేవతన్నారు. రూపకు ఒళ్లు మండింది. ఆ మాటలు ఎవరు పోయినా అనేవే. వాటిలో నాయినమ్మ ఎక్కడుంది?

రూప భయం మాత్రం తండ్రి గురించి. ఐలయ్య అసలే షుగరు మనిషి. పొద్దుటి నుంచి ఫ్రీజరు అద్దం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏడవలేదు, పలకలేదు. పక్కింటి వనజ చాయ్ తెచ్చి పెడితే చల్లారిపోయింది. గోలీలు పట్టుకుని రూప ఎంత బతిమిలాడినా నోరు తెరవలేదు. ఊరి ఆర్‌ఎంపీ వచ్చి చేయి పట్టి చూసి, ఇట్లాగే ఉంటే దవాఖానలో వేయాల్సి వస్తుందని చెప్పాడు.

అప్పుడు కొడుకు చేయి పట్టుకుని సునందమ్మ వచ్చింది. ఐలయ్యను ఒక్క చూపు చూసి రూపను పక్కకు పిలిచింది.

"మీ నాయినమ్మను ఎవరన్న తిట్టిండ్రా?"

"ఏందమ్మా?"

"మా ఆయన పోయిన నాడు నేను గూడ గిట్లనే కూసున్న. అందరు మంచోడు మంచోడంటుంటె, నేననేటందుకు ఏం మిగల్లే. మీ నాయినమ్మ ఒక్కతే చెడ్డోడన్నది. ఇగ నేను ఊకుంటనా? నోరు లేచినంకనే ఏడుపొచ్చింది. ఏడ్చినంకనే మంచినీళ్లు దిగినయి. పొయ్యేటప్పుడు నా చెవుల ఏమన్నదో ఎరుకేనా? 'చెంబెడు గాదమ్మా, రెండు చెంబులు పంపిండు పటేలు. నేను మర్వలే' అన్నది."

రూపకు రాజీ గుర్తొచ్చింది. తిట్టిన ప్రతి చావింట్లోనూ ఎవరో ఒకరు తోక తొక్కినట్టు లేవడం గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ వాళ్లకు కోపమొచ్చిందనే అనుకుంది.

పోయి తలాపున కూర్చుంది. అద్దం మీద టకటకా కొట్టింది.

"నాయినమ్మా! గిప్పుడే దొరికిందా నీకు? ఆదివారం పూట కూర పొయ్యి మీద పెట్టి పోతవా?"

డప్పులు ఆగిపోయాయి.

"ఊరందరితోటి కొట్లాడి మా బాపును నలుగుట్ల తల ఎత్తుకోకుండ చేస్తివి. కన్నకొడుకని ఒక్కనాడన్న ప్రేమగ, పావురంగ చూసినవా?"

ఐలయ్య తల తిరిగింది.

"రూపా!" ఆ గొంతు అంత పెద్దదని ఇంట్లోవాళ్లకే తెలియదు. "ఏమెరుకనే నీకు మా అవ్వ సంగతి? నన్ను పాము కరిస్తె బండి దొరికేదాంక వీపు మీద మోసింది! మోసినంతసేపు తిట్టింది. నిద్రవోతె సస్తనని, నన్ను నిద్రపోనియ్యకుండ తిట్టింది! పావురం లేదంటవా? మా అవ్వకు..."

పిల్లవాడిలా భోరుమన్నాడు. వనజ అందించిన నీళ్లు గటగటా తాగాడు, రూప పెట్టిన గోలీలు మింగాడు. తువ్వాలతో మొహం తుడుచుకుని అద్దం వైపు తిరిగాడు.

"అయినా అవ్వా, కూర పొయ్యి మీద పెట్టి పోతరా ఎవలన్న?"

ముందు సునందమ్మ నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. తన చీర తీసుకుపోయి తిరిగివ్వలేదని వనజ, తన పరువు తీసిందని సంజీవ, ఒకరి తర్వాత ఒకరు అద్దం కొట్టి మరీ నిలదీశారు. యాకమ్మ అన్నీ నిమ్మలంగా వింది. ఆ కూరలో ఉప్పు సరిపోయిందో లేదో మాత్రం ఎవరూ చూడలేదు.

దినాలైపోయిన కొన్నాళ్లకు పక్క ఊళ్లో డప్పు మోగింది. ఐలయ్య అరుగు మీద కూర్చుని కాసేపు విన్నాడు. లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"పోయినాయన ఎసొంటోడు బిడ్డా?"

"మంచోడే బాపు. అందరు మంచోడనే అంటున్నరు."

"గట్లనా? అయితె మనకు పనున్నది. నడువు."