ఏడు జాబ్ కార్డులు, ఒక పిన్నీసు

పోయిన ఆదివారం కడపలో మా పాత స్కూటరును ఎక్స్ఛేంజి కింద ఇచ్చేసి కొత్త బ్యాటరీ స్కూటరు తెచ్చుకున్నాను. తాళం అప్పజెప్పే ముందు షోరూం అమ్మాయి డిక్కీ ఖాళీ చేసుకోమంటే చెయ్యి పెట్టి ఒక్కొక్కటే బయటికి తీశాను: ఒక తుడుపుగుడ్డ, మడతల దగ్గర చీలిపోయిన వానకోటు, పెన్నుతో గీతలు పెట్టిన కొబ్బరి ఈనె, అన్నిటికీ అడుగున రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ కవరు. ఆ కవరులో ఏడు జాబ్ కార్డులున్నాయి, బండిని సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా షెడ్డువాళ్ళు రాసిచ్చినవి. ఇంకు వెలిసిపోయింది గానీ ఏడింటి మీదా చివరి గడిలో ఒకటే మాట చదవడానికి వస్తోంది, లోపం కనబడలేదు అని. పారేయమంటారా సార్ అని ఆ అమ్మాయి చెయ్యి చాచింది. వద్దన్నాను. తొమ్మిదేళ్ళు మోసిన బండిని మారుమాట లేకుండా ఇచ్చేసినవాణ్ణి, ఆ కాగితాలను మాత్రం ఇవ్వలేకపోయాను.

నా ఈడువాళ్ళకు, ముప్పై దాటి నలభైకి ఇంకా కాస్త ఇవతల ఉన్నవాళ్ళకు, మొదటి ఉద్యోగంలో కొన్న మొదటి బండి గురించి వేరే చెప్పనక్కర్లేదు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, కమలాపురం ఆఫీసులో మంచినీళ్ళ పథకాల మోటార్లూ పైపులైన్లూ చూసే ఉద్యోగంలో చేరాను. ఇల్లు కడపలో. పోనూ రానూ రోజుకు యాభై కిలోమీటర్లు. పది గంటలకు వేలిముద్ర పడాలి, ఆలస్యమైతే మెమో వస్తుంది, మూడు మెమోలు పడితే ప్రొబేషను పొడిగిస్తారని చేరిన రోజే చెప్పారు. బస్సును నమ్ముకుంటే వారానికొక మెమో ఖాయమని లెక్కగట్టి స్కూటరు కొన్నాను.

అమ్మకు మాత్రం రెండు చక్రాల బండి అంటేనే భయం. నేను ఇంటరులో ఉన్నప్పుడు నాన్న ప్రొద్దుటూరు రోడ్డు మీద స్కూటరు మీదినుంచి పడ్డాడు, అప్పటినుంచి ఎడమకాలు ఈడుస్తూనే నడిచాడు. అందుకని అమ్మ ఒక షరతు పెట్టి ఒప్పుకుంది. ప్రతి శుక్రవారం నేను బయలుదేరే ముందు బండికి బొట్లు పెడుతుంది, అవి పెట్టేదాకా నేను కదలకూడదు. మొదట్లో పెట్టిన ఉత్త పసుపు ఎండకు రాలిపోతోందని, కొన్నాళ్ళకు నాలుగు చుక్కల నూనె వేసి మెదిపి, ముందు లైటుకు, హ్యాండిలుకు, రెండు చక్రాలకు, సీటు వెనకాల పెట్రోలు మూతకు బొటనవేలితో అద్ది, పైన కుంకుమ పెట్టేది. ఐదు బొట్లూ అయ్యాక ఇంక పో నాయనా అని పక్కకు జరిగేది. నేను వాచీ చూసుకుంటూ నిలబడేవాణ్ణి.

నెలన్నర బాగానే తిరిగింది. ఆ తర్వాత ఒక పొద్దున, కమలాపురం ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా, ఎవరో గొంతు పిసికినట్టు రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది, అందుకోదు. ఎండిపోయిన శనగ చేలకు అడ్డంగా పోతున్న రోడ్డు, నీడకు ఒక తుమ్మచెట్టు కూడా లేదు. గొర్రెలను తోలుకుపోయే ముసలాయన ఆగి, "పెట్రోలుండాదో లేదో సూడప్పా ముందు," అన్నాడు. మన సీమలో బండి ఆగిన ప్రతివాడికీ ఎదురయ్యే మొదటి మాట అదే. నాకు మీటరు ముల్లు మీద నమ్మకం లేదు, అందుకని అప్పటికే ఒక కొబ్బరి ఈనెకు గీతలు పెట్టి ఉంచుకున్నాను. మూత తీసి ముంచి చూశాను, సగం పైనే ఉంది. మూత బిగించి, కాసేపు నిలబడి మళ్ళీ సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు అందుకుంది. ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యం. మొదటి మెమో.

నేను చదివిన చదువు అట్లాంటిది, ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, గంట, మీటరు రీడింగు, వేగం, ఎండ, ఈనె ప్రకారం పెట్రోలు మట్టం, ఎంతసేపు ఆపితే అందుకుంది, ఇట్లా ఏడు గడులు గీశాను. బండి ఆగినప్పుడల్లా ముందు ఈనె ముంచి మట్టం రాసుకుని, తర్వాతే సెల్ఫ్ కొట్టేవాణ్ణి. ఆదివారం పూట సర్వీసుకు ఇచ్చేవాణ్ణి. వాళ్ళు ఏదో ఒకటి మార్చి ఇస్తే నాలుగు రోజులు చక్కగా నడిచేది, ఐదో రోజు మళ్ళీ అదే చోట ఎగశ్వాస. నాలుగు రోజులకు రెండు వందల కిలోమీటర్లు కాబట్టి, లోపం రెండు వందల కిలోమీటర్లకొకసారి తిరగబెడుతోందని ఎర్ర పెన్నుతో రాసి కింద రెండు గీతలు కొట్టాను. ఆ గీతలు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సర్వీసు షెడ్డులో పెద్ద మేస్త్రి ఒక భాయ్. యాభై ఏళ్ళుంటాయి, గడ్డం నెరిసింది, నోట్లో ఎప్పుడూ ఒక వక్కపలుకు. నా నోటుబుక్కు మొదటిసారి చూసినప్పుడు కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఇదేమప్పా, బండికి జాతకం రాసినావా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అక్కడ ఏ బండి వచ్చినా ముందు నీళ్ళతో కడిగి, తర్వాతే లోపలికి తీసుకునేవారు, అది షోరూం పద్ధతి. కడిగిన బండిని ఆయన ఊరిచుట్టూ ఎంత తిప్పినా ఆగేది కాదు. ప్లగ్గు మార్చాడు, కాయిలు మార్చాడు, కార్బొరేటరు రెండుసార్లు విప్పాడు, పెట్రోలు పైపు మార్చాడు. వారంటీ కాబట్టి అన్నీ ఊరికే. ప్రతిసారీ కార్డు మీద అదే మాట. బయట ఎవరి చేతనైనా విప్పించుకుందామంటే వారంటీ పోతుంది. దాదాపు రెండు నెలలు నా ఆదివారాలన్నీ ఆ షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో గడిచాయి. పొద్దున అరగంట ముందే బయలుదేరుతున్నా రెండో మెమో కూడా వచ్చింది. ఆఫీసులో ఒకాయన నన్ను చూడగానే "ఈపొద్దు యాడ పండుకునింది నీ గుర్రం?" అని అడగడం మొదలుపెట్టాడు.

ఏడోసారి ఇచ్చినప్పుడు మేస్త్రి కాసేపు బండి చుట్టూ తిరిగి, వక్కపలుకు ఉమ్మేసి, నా పక్కన కూచున్నాడు. "ఈడ ఆగదప్పా ఇది. శుక్రవారం మధ్యాన్నం నమాజుకు నేనెట్లాగూ పోవాల్సిందే. ఆ రోజంతా సెలవు పెట్టుకుంటా. పొద్దున్నే మీ ఇంటికాడికి వస్తా, నీ ఎనకాల కూచోని కమలాపురం దంకా పోదాం. ఆగినచోట నా చెవితో వింటా," అన్నాడు.

ఆయన సొంత సెలవు, సొంత పొద్దు. ఇప్పుడు తలుచుకుంటే అంతకంటే మర్యాదైన మాట నాతో ఇంకే మెకానిక్కూ అనలేదు. ఆ రోజు మాత్రం విసిగిపోయి ఉన్నాను, ఇది ఇంకో వారం గడపడానికి ఎత్తుగడ అనుకున్నాను. వారంటీ పుస్తకంలో రోడ్డు పరీక్ష గురించి ఏముందో నాకు కంఠస్థం. కార్డులో నమోదు కాని పరీక్ష లెక్కలోకి రాదు. "మీరు రావడం కాదు భాయ్, కాగితం మీద రాసివ్వండి," అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, లేచి, రాసిచ్చాడు. లోపం కనబడలేదు.

ఆ శుక్రవారం అమ్మ ఎప్పటిలాగే ఐదు బొట్లు పెట్టింది, బండి ఎప్పటిలాగే ఆగింది. మరుసటి వారం సెలవు పెట్టి ఏడు కార్డులూ, నోటుబుక్కు జిరాక్సులూ తీసుకుని కర్నూలులో ఉన్న కంపెనీ ఆఫీసుకు పోయాను. లోపాన్ని గుర్తించలేని మేస్త్రి నిర్లక్ష్యం వల్ల నా ఉద్యోగానికి ముప్పు వచ్చిందని రెండు పేజీలు, అంకెలు వేసి రాసిచ్చాను. అక్కడి ఆఫీసరు నా పద్ధతిని మెచ్చుకున్నాడు. పదిరోజులకు షెడ్డుకు పోతే మేస్త్రి కూచునే స్టూలు మీద ఎవరో కొత్త ప్లగ్గుల డబ్బా పెట్టారు. భాయ్‌ని తీసేశారని చెప్పారు. దాచుకోవడమెందుకు, ఆ క్షణం నాకు భుజం మీదినుంచి బరువు దిగినట్టయింది. కొత్తగా వచ్చినాయన కార్బొరేటరు మొత్తం తీసి వేరేది వేశాడు, బండి అయిదు వారాలు ఒక్కసారి కూడా ఆగలేదు. చూశారా అని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను.

ఆ అయిదు వారాలూ అమ్మ ఇంట్లో లేదు. పిన్నికి మోకాలి ఆపరేషనైతే తోడుగా నంద్యాల పోయింది. వచ్చేటప్పుడు మహానంది పోయి కోనేట్లో మునిగి, పొట్లం కుంకుమ తెచ్చింది. ఆ శుక్రవారం ఇన్నాళ్ళూ తప్పిపోయిందని రోజూ కన్నా మందంగా పసుపు మెత్తి, మహానంది కుంకుమ పెట్టింది. కమలాపురం ఆరు కిలోమీటర్లుందనగా బండి ఎగశ్వాస తీసి ఆగిపోయింది.

అలవాటుగా ఈనె తీసి మూత తిప్పాను. ఆ పొద్దున రోడ్డు మీద లారీ లేదు, గాలి లేదు, గొర్రెల గంటలు కూడా లేవు. మూత వదులవగానే సుయ్‌మని ట్యాంకు లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు స్పష్టంగా వినబడింది. మూతను అరచేతిలో తిప్పి చూశాను. దాని మీద, లోపలికి గాలి పోవడానికి ఆవగింజంత బెజ్జం ఉంటుంది. అది నిండా పసుపు. లోపలికి గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. ఊళ్ళ పైపులైన్లకు గాలి వాల్వులు మూసుకుపోయాయా అని చూసి రాయడమే నా ఉద్యోగం. మట్టం కొలవడానికి మూత తీసిన ప్రతిసారీ జబ్బును నేనే నయం చేసి, నేను ఎంతసేపు నిలబడ్డానో ఆ గడిలో రాసుకున్నాను. షెడ్డులో నీళ్ళు కొట్టగానే పసుపు కొట్టుకుపోయేది, మేస్త్రి చేతికి వచ్చేసరికి బండికి ఏ రోగమూ ఉండేది కాదు. నోటుబుక్కులో అన్ని గడులు గీశాను గానీ వారం పేరు రాయడానికి గడి గీయలేదు. శుక్రవారం పొద్దున వెనకాల కూచుని వస్తానన్న మనిషి గుర్తుకొచ్చాడు.

ఆ సాయంత్రమే షోరూం యజమాని దగ్గరికి పోయి, లోపం బండిది కాదు, మేస్త్రిది కాదు, నాది అని రాసిన కాగితం ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. "అప్పుడట్లా రాసిస్తివి, ఇప్పుడిట్లా రాసిస్తివి. రాసేది నీకు బాగా అలవాటైనట్లుండాదే. ఆ స్టూలు మీద ఇంకొకాయప్ప కూచున్నాడు కదా, ఆయన్ని ఏం జేద్దాం?" అన్నాడు. బతిమాలితే, భాయ్ వస్తానంటే చూస్తానన్నాడు. కర్నూలు ఆఫీసుకు కూడా అదే కాగితం పంపాను, జవాబు రాలేదు.

భాయ్ కర్నూలులో బావమరిది షెడ్డులో చేస్తున్నాడని తెలిసి ఆదివారం బస్సెక్కి పోయాను. నంద్యాల రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందు నూనె మరకల నేల. నన్ను చూసి లేవలేదు. నిలబడే అంతా చెప్పి కాగితం ఇచ్చాను. ఆయన కాగితం చూడలేదు. ముందున్న స్కూటరు మూత ఊడదీసి, నోటి దగ్గర పెట్టుకుని, బెజ్జంలోంచి ఉఫ్‌మని ఊది, వెలుతురుకు ఎత్తి చూశాడు.

"కడగకముందు సూడాల్సింది. ముప్పై ఏళ్ళుగా చేస్తాండా ఈ పని. నాకు తట్టలా," అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

యజమాని తిరిగి తీసుకుంటానన్నాడని చెప్పాను. "పిల్లోళ్ళను ఈడ బడిలో ఏసినా. నీకు కాగితం రాసినంత సులువా అప్పా, మళ్ళీ సంసారం ఎత్తుకోని వచ్చేది?" అన్నాడు. టీ తెప్పించాడు. సగం తాగాక, "మీ అమ్మకు చెప్పినావా?" అని అడిగాడు. లేదన్నాను. "చెప్పొద్దు. నిన్ను కాయాలని పెట్టే బొట్టు. ఆయమ్మ చెయ్యి ఆగిపోతాది," అంటూ తన తాళాల గుత్తిలోంచి ఒక పిన్నీసు తీసి నా చేతిలో పెట్టాడు. "వీధి మలుపు తిరిగినాంక పొడుసుకో."

తొమ్మిదేళ్ళు అట్లాగే చేశాను. శుక్రవారం అమ్మ బొట్లు పెడుతుంది, నేను వీధి మలుపు తిరిగి, బండి ఆపి, పిన్నీసుతో ఆ బెజ్జం శుభ్రం చేసుకుని పోతాను. ఆ తర్వాత బండి ఎప్పుడూ దారిలో ఆగలేదు, మూడో మెమో రాలేదు, ప్రొబేషను దాటింది, మధ్యలో నాన్న పోయాడు. భాయ్‌ని చూడ్డానికి ఇంకోసారి పోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను, పోయి ఏం చెప్పాలో తెలియక పోలేదు. రెండేళ్ళ కిందట కర్నూలు పనిమీద ఆ రోడ్డున పోతే షెడ్డు ఉన్నచోట మొబైల్ ఫోన్ల దుకాణం ఉంది. ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు కొత్త బండికి ఏ కీలు నొప్పిపెట్టినా నాకంటే ముందు నా ఫోనుకు తెలుస్తుందట, షోరూం వాళ్ళు బెంగుళూరు నుంచే చూసి చెబుతారట. నోటుబుక్కు అక్కర్లేదు, ఈనె అక్కర్లేదు. ప్లాస్టిక్ కుర్చీల్లో ఆదివారాలు పోవు, అందుకు సంతోషమే. కానీ సొంత సెలవు పెట్టుకుని, వెనకాల కూచుని, ఆగినచోట చెవితో వింటానని అడిగే మనిషి కూడా ఇంక అక్కర్లేదు. ఉన్నప్పుడు నేను కాగితం అడిగాను.

నిన్న శుక్రవారం. అమ్మకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. లైటుకు, హ్యాండిలుకు, చక్రాలకు బొట్లు పెట్టి, సీటు వెనకాల చేత్తో తడుముకుంటూ, "దీనికి మూత యాడుండాది నాయనా?" అని అడిగింది. లేదమ్మా అంటే నమ్మలేదు, ఎక్కడో ఒకచోట ఉంటుందిలే అని సీటు మీదనే ఐదో బొట్టు పెట్టింది, సరిగ్గా వెనకాల మనిషి కూచునే చోట. వీధి మలుపు తిరిగి, తొమ్మిదేళ్ళ అలవాటుగా బండి ఆపి దిగాను. పిన్నీసు జేబులోనే ఉంది, కొత్త బండికి తాళంచెవే లేదు కాబట్టి తగిలించడానికి చోటు దొరకలేదు. పొడవడానికి ఏమీ లేదు. పసుపు ఆరేదాకా కాసేపు ఆ సీటు పక్కనే నిలబడి, దాన్ని తుడవకుండానే ఆఫీసుకు పోయాను.