ఆరూ పదికి వచ్చే రీడింగు

దయ్యాలూ గాలీ ధూళీ నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. లైటు ఆరితే ఫ్యూజు చూసే మనిషిని. వంటింట్లో గిన్నె పడితే పిల్లిని వెతికే మనిషిని. అందుకే ఇది రాయడానికి మూడు వారాలు వెనకాడాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. మా ఊరి పేరు మాత్రం రాయను. కంబదూరు పక్కన అనుకోండి, చాలు.

అనంతపురంలో ఒక ట్రస్టులో పనిచేస్తాను. వేసవిలో నీళ్లు లేని నలభై ఊళ్లకు ట్యాంకర్లు పంపడం మా పని. ఏ ఊరికి ట్యాంకరు వెళ్లాలన్నది ఇదివరకు నోటిమాట మీద నడిచేది. పలుకుబడి ఉన్న ఊరికి రెండు, లేని ఊరికి ఎదురుచూపు. ఆ గొడవ పోవాలని ఈసారి కంపెనీలు వాడే రిపోర్టుల సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చారు. దాన్ని అమర్చే పని నాకు అప్పగించారు.

రిపోర్టు తనంతట తాను ఏమీ తెలుసుకోదు. అంకెలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో మనం చూపించాలి. దాన్నే డేటా సోర్స్ అంటారు. ప్రతి ఊళ్లోనూ ఒక మనిషి పొద్దున్నే బోర్లు చూసి, నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో ఫోన్‌లో పంపుతాడు. అవన్నీ ఒక పట్టికలో పడతాయి. ఆ పట్టికను నేను రిపోర్టుకు కలిపాను. ఊళ్లో ఏ ఒక్క బోరులోనైనా మూడు వందల డెబ్బై అయిదు అడుగుల లోపు నీళ్లుంటే ఆ ఊరికి ట్యాంకరు అక్కర్లేదు. ప్రతి సోమవారం జాబితా దానంతటదే ట్యాంకర్ల వాళ్లకు వెళ్లిపోతుంది. మధ్యలో ఎవరూ చేత్తో దిద్దకూడదు. ఈ నియమం పెట్టించింది నేనే, మీటింగులో బల్ల గుద్ది మరీ పెట్టించాను.

సోర్స్ కలిపాక, అది పనిచేస్తోందో లేదో చూడటానికి ఉత్తుత్తి వరుస ఒకటి వేసి చూస్తాం, కూరలో ఉప్పు చూసినట్టు. ఆ క్షణాన నాకు తోచింది మా ఊరు, మా నాయన వేయించిన బోరు. నాయన పోయి నాలుగేళ్లు. బోరు అంతకుముందే ఎండింది. ఎవరి కాలైనా పడుతుందని పైన బండ పెట్టి సిమెంటుతో మూసేశాం. లోతు దగ్గర 310 అని కొట్టాను. రిపోర్టులో 310 వచ్చింది. సరే అనుకుని ఆ వరుస చెరిపేశాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్లేసరికి ఆ వరుస మళ్లీ ఉంది. వచ్చిన సమయం ఉదయం ఆరూ పది. లోతు 312.

చెరిపాను. ఆ మర్నాడు కూడా ఆరూ పదికే వచ్చింది. మళ్లీ 312. ఆ తర్వాత 315. ఏ ఫోన్ నుంచి వచ్చిందో చూపించే గడి మాత్రం ఖాళీ. మా ఊళ్లో రీడింగులు పంపేది ఓబులేసన్న ఒక్కడే. ఊరి బోర్లన్నీ ఎండాయని రోజూ సరిగ్గానే పంపుతున్నాడు. అడిగితే ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. "చూసుకోమ్మా. మూసిన బోరుకు నేను రీడింగు ఎట్ల పంపుతా?" అన్నాడు. ఆయన ఫోన్‌లో ఏమీ లేదు.

పాత సోర్స్ తీసేసి కొత్తది కట్టాను. పాస్‌వర్డు మార్చాను. పట్టికనే కొత్తగా తయారుచేశాను. పొద్దున ఆరూ పదికి వరుస వచ్చి కూర్చుంది. సోర్స్ పూర్తిగా తెంపేస్తే నలభై ఊళ్ల జాబితా ఆగిపోతుంది. నా ఒక్క ఊరి కోసం మిగతా ముప్పై తొమ్మిది ఊళ్ల గొంతు ఎండబెట్టలేను.

సోమవారం వచ్చింది. జాబితాలు మొదలయ్యాక వరుస చెరపడమూ దిద్దడమే, నియమం ఒప్పుకోదు. మా ఊరి పేరు ఎదుట 'అవసరం లేదు' అని పడింది. ట్యాంకరు ఆగిపోయింది.

మేనేజర్ గారి దగ్గరికి వెళ్లాను. మంచివాడే. నేను చెప్పినదంతా విన్నాడు. "దిద్దొచ్చమ్మా, కానీ అది మీ ఊరు. వద్దని బల్ల గుద్దింది నువ్వే. రేపు ఇంకో ఊరోళ్లు వచ్చి మాదీ దిద్దమంటే ఏం చెప్పల్ల?" అన్నాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

మా అమ్మ ఊళ్లోనే ఉంటుంది. ట్యాంకరు ఆగాక అందరితోపాటు మూడు కిలోమీటర్లు నడిచి, ఒక రైతు తోటలో బోరు దగ్గర బిందె పట్టుకుని నిలబడింది. ఇంటికి రెండు బిందెలకు మించి ఆయన పట్టనివ్వడు, ఆయన చెట్లకూ నీళ్లు కావాలి కదా. ఆ క్యూలోనే మా ఊరి లక్ష్మక్క మా అమ్మను నిలదీసిందట. "ఏమే, నీ మొగుడు బతికున్నప్పుడు ఇయ్యని నీళ్లు సచ్చినాంక ఇస్తాండాడా? నీ కూతురు కంప్యూటర్లో సూపిస్తాందంట!" అని. అమ్మ బిందె నెత్తిన పెట్టుకుని వచ్చేసింది. ఇది నాకు ఓబులేసన్న చెప్పాడు, అమ్మ చెప్పలేదు.

ఆదివారం స్కూటీ మీద రెండు క్యాన్ల నీళ్లు పెట్టుకుని ఊరికి వెళ్లాను. అందరూ చూస్తుండగా మా ఇంట్లోకి దించడానికి సిగ్గేసింది. చెంబు చెంబుగా పంచేశాను. ఎవరికీ చాలలేదు.

మూడో వారంలో మేనేజర్ గారు బోరు ఫోటో పంపమన్నాడు. బండ, సిమెంటు చెక్కుచెదరలేదు. ఫోటో పంపాను. "మూసుందంటే లోపల నీళ్లు లేవని ఎట్ల చెప్తాం?" అన్నాడు. అదీ న్యాయమే. ఓబులేసన్న గడ్డపారతో సిమెంటు పగలగొట్టాడు. కొలవడానికి అంత పొడవు తాడు ఆయన దగ్గర లేదు. అమ్మ ఇంట్లోకి వెళ్లి గోనెసంచి తెచ్చింది. అందులో మా నాయన కొలతతాడు ఉంది, పది అడుగులకొక ముడి, చివర ఇనపముక్క.

తాడు దించాం. మూడు వందల తొంభై దగ్గర అడుగు తగిలింది. పైకి లాగితే ఇనపముక్కకు పొడి దుమ్ము తప్ప చెమ్మ లేదు. ఆ పొద్దున రిపోర్టులో ఆ బోరు నీళ్ల లోతు 348.

గోనెసంచి అడుగున ఒక స్కూలు నోట్‌బుక్ కూడా ఉంది. ఆ బోరులో మొదట్లో నీళ్లు పడ్డాయి. మోటారు కాలిపోతే పైకి లాగి, మళ్లీ దించేముందు నీళ్లు నిలుస్తాయో లేదో చూద్దామని నాయన రోజూ కొలిచాడు. కొలిచింది రోజుకొక గీత మీద రాసుకున్నాడు. మొదటి పేజీ తిప్పాను. 310. 312. 312. 315.

310 అన్నది అప్పట్లో నాయన నోట విని నా మనసులో మిగిలి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. మిగతావి? వేలితో ఒక్కో గీత దాటుకుంటూ వెళ్లాను. నేను ఉత్తుత్తి వరుస వేసిన రోజు నుంచి లెక్కపెడితే ఆ రోజుకు వచ్చే గీత దగ్గర 348 ఉంది. నాయన పొద్దున ఎన్నింటికి కొలిచేవాడని అమ్మనడిగాను. "ఆరు దాటినాంక, కాఫీ తాగే ముందర" అంది. తర్వాత నోట్‌బుక్ వైపు చూసి, "మీ నాయన దొంగలెక్క రాయడు పాపా. ఉంటే ఉండాదని రాస్తాడు, లేకుంటే లేదంటాడు" అంది.

నోట్‌బుక్ ప్రకారం నీళ్లు 375 దాటడానికి ఇంకా పందొమ్మిది గీతలున్నాయి. అంటే పందొమ్మిది రోజులు.

బోరులో దుమ్ము ఫోటో, నోట్‌బుక్ ఫోటో రెండూ మేనేజర్ గారికి చూపించాను. ఆయన వాటిని రెండుసార్లు పెద్దవి చేసి చూశాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లకు పంపాడు. వాళ్లు నాలుగు రోజులు చూసి, తమ వైపు తప్పేం లేదనీ, సోర్స్‌లోకి అంకె మా ఊరి నుంచే వస్తోందనీ రాశారు. చేత్తో దిద్దమంటారా అని పై వాళ్లనడిగితే, దిద్దితే ఎందుకో చెప్పాల్సొస్తుంది, ట్రస్టు పేరు చెడుతుంది, విషయం బయటికి పోనివ్వొద్దన్నారు. ఇక చేసేదేం లేక రోజూ పొద్దున్నే నోట్‌బుక్ తెరిచి, వేలు పెట్టి, ఆరూ పది దాకా చూసేదాన్ని. ఒక్కరోజు కూడా తప్పలేదు. తప్పితే బాగుండునని ఎంత మొక్కుకున్నానో! మొక్కే అలవాటు లేనిదాన్ని.

పందొమ్మిది రోజులు గడిచాయి. 376 వచ్చిన వారం సోమవారం ట్యాంకరు మళ్లీ ఊళ్లోకి వచ్చింది. ఈలోగా లక్ష్మక్క తన పన్నెండు గొర్రెల్నీ సంతకు తోలేసింది. నీళ్లు పెట్టలేక తోలింది. నేను కనిపిస్తే ఇప్పుడు తిట్టదు, తల తిప్పుకుంటుంది. తిట్టినా బాగుండేది.

వరుస ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. 380, 386, ఆ తర్వాత ఒక పొద్దున ఆ గడిలో 'లేదు' అని వచ్చింది. తెలుగు అక్షరాల్లో. ఆ గడి అంకెలు తప్ప ఏమీ తీసుకోదు. నేనే అలా కట్టాను. అక్షరం కొడితే ఎర్రగా తిప్పికొడుతుంది. నోట్‌బుక్‌లోనూ ఆ గీత దగ్గర 'లేదు' అనే ఉంది. నీళ్లు పోయాక కూడా మా నాయన కొలవడం మానలేదు. ముప్పై రెండు రోజులు తాడు దించి, ముప్పై రెండుసార్లు 'లేదు' అని రాశాడు.

ఆ ముప్పై రెండో 'లేదు' కింద ఇంకొక్క గీత ఉంది. దాని తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆ ఆఖరి గీత అక్షరాలు వంకరపోయాయి. అందులో అంకె లేదు. 'ఉండాది' అని ఒక్కమాట.

అమ్మకు చూపించాను. నాయన్ను ఆసుపత్రికి తీసుకుపోయిన పొద్దున అదట. ఆ రోజు ఆయన మంచం దిగలేదు, బోరు దగ్గరికి పోనేలేదు. "నేనే రాయమన్న్యా. ఈ ఒక్క పొద్దన్నా ఉండాదని రాయప్పా, నా మనసుకు బాగుంటాదని ఏడిస్తి. నా కోసరం రాసినాడు" అంది. జీవితంలో ఆయన రాసిన దొంగలెక్క అదొక్కటే.

ఈ పొద్దున వచ్చింది ఇరవై ఆరో 'లేదు'. ఇంకా ఆరున్నాయి. ఏడో పొద్దు సోమవారం. ఆ రోజు జాబితా వెళ్లేముందే ఆరూ పది అవుతుంది. 'ఉండాది' అన్న ఆ మాటను సాఫ్ట్‌వేర్ ఎలా తీసుకుంటుందో నాకు తెలియదు. 'లేదు'ను తీసుకున్న గడి దాన్నీ తీసుకుంటుందేమో, తీసుకుంటే ట్యాంకరు మళ్లీ ఆగిపోతుంది. దాని తర్వాత దిద్దడానికి ఇంకో గీత కూడా నోట్‌బుక్‌లో లేదు.

నిన్న ఊరికి వెళ్తే ట్యాంకరు వచ్చి ఉంది. అమ్మ ఇంట్లో ఉన్న డ్రమ్ములు, బిందెలు, చివరికి చెంబులు, గ్లాసులు కూడా నింపి మూతలు పెడుతోంది. లక్ష్మక్క ఇంటికీ రెండు బిందెలు మోసుకెళ్లి ఇచ్చి వచ్చింది.