తెల్ల బురదతో వేసిన ఏడు బొమ్మలు

ఆ రోజు వికారాబాద్ ఫంక్షన్ హాల్లో ఉన్నవి: ‘భూమి కోసం కళ’ అని రాసిన ఫ్లెక్సీలు తొమ్మిది. థర్మకోల్‌తో చేసిన భూగోళం ఒకటి, ఆకుపచ్చ స్ప్రే వాసన ఇంకా పోనిది. టీ తాగి కుర్చీల కింద పడేసిన ప్లాస్టిక్ కప్పులు, లెక్కపెట్టలేదు. ఉన్నవాళ్లు: బహుమతులు నిర్ణయించే కాలుష్య నియంత్రణ అధికారి, ఖర్చంతా పెట్టుకున్న తాండూరు బండల పాలిషింగ్ యూనిట్ యజమాని, టీచర్లు, పిల్లలు, నేను, పొద్దున రైల్లో నాతో వచ్చిన మా చిన్నమ్మ. గోడకు నావి ఏడు బొమ్మలు.

ఆ బొమ్మలు చిన్నమ్మ చేను కోసం వేసినవి. తాండూరు పక్కన ఆమెకు రెండెకరాల కంది ఉంది. ఆ యజమాని యూనిట్లో బండలు కోసి నునుపు చేసే మిషన్ల నుంచి వచ్చే తెల్ల బురదను ట్యాంకర్లు ఆమె గట్టు అవతల ఒంపిపోయేవి. వాన పడితే అది చేనులోకి దిగేది. ఎండాక సిమెంటు పూసినట్టు బిగుసుకునేది. మొక్క పసుపెక్కి చచ్చేది. ఆ అధికారి ఆఫీసులోనే ఆమె రెండు దరఖాస్తులు ఇచ్చింది. నేను సివిల్ డిప్లొమా చదివినవాణ్ణి. నీళ్ల నమూనాలు తీసి, బురద ఎంతుందో కొలిచి, పట్టిక జతచేసి మూడోది ఇచ్చాను. పట్టిక ఎవరూ చదవలేదు. బొమ్మైతే చూస్తారనుకున్నాను. ఆ బురదనే ఎండబెట్టి, జల్లించి, తుమ్మ బంకలో కలిపి, పాత గోనె సంచుల మీద చేనును వేశాను. ఒక్క రంగు కూడా కొనలేదు.

దుమ్ము పడకుండా అని నిర్వాహకులు ఏడింటినీ ప్లాస్టిక్ కవర్లలో బిగించారు. ట్యూబులైట్లు వాటి మీద మెరుస్తుంటే చేను సరిగా కనబడనే లేదు.

అధికారి మూడో బొమ్మ దగ్గర ఆగాడు. “ఫినిషింగ్ మస్తుంది. ఏ కంపెనీ రంగు తమ్మీ?”

“కంపెనీ గాదు సారూ,” అంది చిన్నమ్మ. “నా చేన్ల వడ్డ బురద. మీరు సూడ రాకపోతిరి, మా పోరడే మీ తానికి మోసుకొచ్చిండు.”

అందరూ నవ్వారు. అధికారి అందరికంటే గట్టిగా నవ్వాడు. యజమాని మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి ప్లాస్టిక్ మీద గోటితో తట్టి చూశాడు.

“చూసిన్రా సార్? గిదాన్ని అందరు ఖరాబు మాల్ అంటరు. తమ్ముడు సోనా చేసిండు. ఇగ బళ్లన్నిటికి నేనే ముఫ్త్‌ల ఇస్త. పిల్లలు బొమ్మలేస్కుంటరు!”

చప్పట్లు. టీచర్లు కూడా కొట్టారు.

“అది కాదు సార్, ఈ బురద వల్లనే చేను...” అని మొదలుపెట్టాను. మైకు అప్పటికే అతని చేతిలో ఉంది. నాకు శాలువా కప్పి, అది వచ్చిన పాలిథిన్ సంచిని కూడా నా చేతిలోనే పెట్టారు. నేను దండం పెట్టాను. మొదటి బహుమతి థర్మకోల్ భూగోళానికి వచ్చింది.

తిరుగు రైల్లో చిన్నమ్మ శాలువా అంచు పట్టి చూసింది. “మంచిగనే ఉంది కొడుకా. చేను మీద కప్పుదమా?”

వారం లోపే ఆమె గట్టు అవతల ఫ్లెక్సీ లేచింది: ‘కళకు ముడిసరుకు, ఉచితం.’ కింద నా మూడో బొమ్మ ఫోటో, పక్కన శాలువాతో నేను. అంతకుముందు ట్యాంకర్లు మసక చీకట్లో వచ్చి హడావిడిగా ఒంపిపోయేవి. ఇప్పుడు పట్టపగలే వరుసగా వస్తున్నాయి. ఒకదానికి అడ్డం నిలబడ్డాను. డ్రైవర్ కిటికీలోంచి ఫ్లెక్సీ వైపు వేలు చూపించాడు.

“గది నీ బొమ్మనే గదనే అన్నా? మల్ల నువ్వే లొల్లి పెడ్తవేంది?”

పక్కకు జరిగాను. అధికారికి ఫోన్ చేస్తే, “మంచి కార్యక్రమమే గద, నీతోనే షురువైంది,” అన్నాడు. బురద పట్టుకుపోవడానికి ఏ బడి నుంచీ ఎవరూ రాలేదు.

తర్వాత రెండు రోజులు వాన. మూడో రోజు పొద్దున నేను ఆ చివర నుంచి, చిన్నమ్మ ఈ చివర నుంచి సాళ్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాం. మొత్తం సాళ్లు డెబ్బై నాలుగు. బురద కింద యాభై ఒకటి.