గులాబీ రంగు తేలిన నీళ్లు

దేవరుప్పుల దగ్గరి బడిలో సైన్సు చెప్పే రోజుల్లో నాకు నీళ్ల పిచ్చి ఉండేది. పిల్లల పళ్ల మీద ఫ్లోరైడ్ గార చూసి చూసి కడుపు రగిలిపోయేది. ఎవరెవరినో బతిమాలి నీళ్లు పరీక్షించే చిన్న పెట్టె తెప్పించాను. సీసాలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేయాలి. ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపు రంగు, లేకుంటే గులాబీ రంగు.

తండా నుంచి వచ్చే ఎనిమిదో తరగతి పిల్ల వాళ్ల బోరు నీళ్లు తెచ్చింది. పసుపు రంగు తేలింది. "గీ నీళ్లు తాగొద్దని ఇంట్ల చెప్పు" అన్నాను. అంతలో గంట కొట్టారు. పురుగుల మందు డబ్బాలు బావుల దగ్గర కడిగితే ఏమవుతుందో చెప్పే పాఠం సోమవారానికి ఉంచుకున్నాను.

సోమవారం ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బడికి తాళం వేసి జనగామ రోడ్డు మీద టెంటు కింద కూర్చున్నాం. మా నీళ్లు మాకు కావాలని గొంతు పోయేలా అరిచాను. ఆ అరుపు అబద్ధమని ఇప్పటికీ అనను.

సమ్మె ముగిసి బడి తెరిచిన రోజు, ఆ పిల్లను వెంటబెట్టుకుని తల్లి గేటు దగ్గర నిలబడి ఉంది. తిట్టినా బాగుండేది.

"నువ్వు చెప్పినట్లే జేసినం టీచరమ్మా. బోరు బంద్ వెట్టినం. పత్తి చేను కాడి బాయి నీళ్లు తాగినం. అందరికీ వాంతులైనయి. చిన్నోడు తట్టుకోలే. దవాఖానకు పోయేలోపే పానం పోయింది."

పత్తికి మందు కొట్టే కాలం. రోడ్డు పక్కనే ఉన్న ఆ బావి గట్టు మీద డబ్బాలు కడుగుతుంటే బస్సు కిటికీలోంచి రోజూ చూసేదాన్ని.

పిల్ల సంచిలోంచి సీసా తీసింది. "బాయి నీళ్లు తాగకముందే మీకు చూపియ్యాలని పట్టుకొచ్చిన మేడం. బడికి తాళమున్నది."

నేనుంటే ఏ బావి అని అడిగేదాన్ని అనుకుంటాను. అడిగేదాన్నో లేదో కూడా తెలియదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

వాళ్లను సైన్సు గదిలోకి తీసుకెళ్లి, ఆ సీసాలో చుక్కలు వేశాను. ఆ పెట్టెకు ఫ్లోరైడ్ తప్ప మరో విషం తెలియదు. నీళ్లు చక్కటి గులాబీ రంగుకు తిరిగాయి.

"గులాబీ వచ్చింది మేడం" అంది పిల్ల. "అంటే మంచి నీళ్లే గద?"