నిద్రపుచ్చే పరీక్ష

ట్రైనింగ్‌లో నా పక్క మంచం ఆమెకు, ఏ ముచ్చటైనా ఊరంతా వినిపిస్తేగానీ తోచదు గనుక, రేడియో అని నేనే పేరు పెట్టాను. ఆ రేడియో ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా నా గురించి ఒకటే వార్త చదువుతుంది: "పిల్లల్ని పండుకోబెట్టమని పరీక్ష పెడితే, ఇప్పపువ్వు వాసనకు మత్తెక్కి ఈమెనే గుర్రు పెట్టింది!" అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను గానీ ఒప్పుకోను. వాసనకే ఎవరికీ మత్తెక్కదు. నాకు గుర్రు లేదు (మా ఆయన సాక్ష్యం చెల్లదు). అసలు పిల్లలు పడుకున్నాకే నేను పడుకున్నానని నా వాదన.

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బి.ఏ. పాసైన ఆడపిల్లకు లోకమంతా తన కోసమే ఆగి ఉందనిపించేది. నాకైతే మరీను. బాలవాడీ టీచర్ ట్రైనింగ్‌కు పోతానంటే మా నాయన, "గింత చదివి పసిపిల్లల ముక్కులు తుడుస్తవా? సరే పో. ఫెయిలైనవనుకో, మల్ల కొలువు పేరెత్తొద్దు. మనూరు ముదిగొండలనే కూసొని మిరపకాయల తొడిమెలు తియ్యి" అన్నాడు. పంతానికి అవ్ అన్నాను. ట్రైనింగ్ ఆఖర్న మమ్మల్ని పినపాక అవతల అడవి అంచున ఓ చిన్న ఊరికి ప్రాక్టికల్స్‌కు తీసుకెళ్లారు. చీటీలు తీస్తే రేడియోకు కథ చెప్పడం వచ్చింది. నాకేమో అన్నం తిన్న పిల్లల్ని నిద్రపుచ్చడం!

"ఇదేంది మేడం, డిగ్రీ చదివినదానికి పండుకోబెట్టుడా పరీక్ష? ముసలమ్మల పని!" అన్నాను. మా మేడం చూపులోనే బెత్తం ఉండేది, అందుకే బెత్తం మేడం అనుకునేవాళ్లం. ఆవిడ నిదానంగా, "అవునమ్మా, ముసలమ్మలు చేస్తరు. నువ్వూ చేసి చూపెట్టు. అరగంటల అందరు పండుకోవాలె, లేకుంటే ఫెయిలే" అన్నారు.

అది ఇప్పపువ్వు రాలే కాలం. పిల్లలు తెల్లారకముందే తల్లుల వెంట అడవికి పోయి పువ్వు ఏరి వచ్చినవాళ్లే. తల వాలిస్తే నిద్రేగా అనుకుని చాపలు పరిచి, మా కాలేజీ లెక్చరర్ గొంతుతో "అందరూ కళ్లు మూసుకోండి" అన్నాను. ఒక్కరూ మూయలేదు. వాళ్లిళ్లలో మాట్లాడేది కోయ భాష. నా తెలుగు సగం అందలేదు, అందిన సగం నచ్చలేదు. పెదవి మీద వేలు పెడితే అందరూ పెట్టుకుని కిలకిలా నవ్వారు. జోలపాట ఎత్తుకుంటే ఒకడు లేచి చిందేశాడు (నా పాట అటువంటిది, వాడి తప్పేం లేదు). కిటికీలోంచి చూస్తున్న రేడియో నవ్వి నవ్వి పొలమారి, నీళ్లు తాగడానికి పోయింది. (ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగింది చూడటానికి అక్కడ అది లేదు.) నా కళ్లముందు మాత్రం మిరపకాయల రాశి కదులుతోంది. "పండుకోండ్రా నాయనా, మీకు దండం పెడత" అన్నాను. నా డిగ్రీ అక్కడికి అయిపోయింది.

మూలనున్న ఒక బుడ్డది, నాలుగేళ్లుంటాయేమో, లేచొచ్చి నా కొంగు గుంజింది. "నువ్వు పండుకో టీచర్."

"నేనేంది? మీరు పండుకోవాలె."

"నువ్వు పండుకో. మాయమ్మ ముందు పండుకుంటది."

ఆలోచిస్తే న్యాయమే. నెత్తిమీద కాపలా నిలబడితే ఎవరికి నిద్ర పడుతుంది? వాదించకుండానే (నా జన్మలో అదే మొదటిసారి) చాప మీద వాలాను. బుడ్డది పక్కన చేరి, తీయటి ఇప్పపువ్వు వాసన వేసే చేత్తో నా వీపు మీద జోకొట్టింది. చిందేసినవాడొచ్చి నా కాళ్లకు ఆనుకున్నాడు. వాడి వెనక ఇంకొకరు. ఆ తర్వాత నాకు గుర్తు లేదు.

మెలకువ వచ్చేసరికి గదంతా నిద్ర. ఎవడిదో కాలు నా మెడ మీద, బుడ్డది చెయ్యి ఇంకా నా వీపు మీదే. గడప దగ్గర కూర్చున్న మేడం ఈగలు వాలకుండా, పరీక్ష కోసం నేను రాసుకొచ్చిన చార్టుతోనే విసురుతున్నారు. గాబరాగా లేవబోతే, "కదలకు, లేస్తరు" అన్నారు.

"మేడం, నేను ఫెయిలా?"

"నేను చూడాల్సింది పిల్లలు పండుకున్నరా లేదా అని. పండుకున్నరు."

"మరి నేను గూడ..."

"పాసైనంక గూడ వాదిస్తవేంది? మెల్లగ మాట్లాడు."

ఆ మేడం దయ, ఆ బుడ్డదాని జోల, ఇన్నేళ్లుగా నా అన్నం. ఇప్పటికీ మా బాలవాడీలో మధ్యాహ్నం చాప మీద ముందు నేనే వాలుతాను. డిగ్రీ ఉన్న ఆ పొగరుబోతు పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. పోయినేడు ఆ ఊరు పోయి బుడ్డదాన్ని కలిశాను. ఇద్దరు పిల్లల తల్లి. ఆ రోజు సంగతి అడిగితే, "నాకేం ఎరుక టీచర్, నేను పండుకున్న గద!" అంది. ఇక సాక్షి మేడం ఒక్కరే. రిటైరై ఖమ్మంలో ఉన్నారు. ఎప్పుడు ఫోన్ చేసి అడిగినా నవ్వి, "తిన్నవా? పోయి పండుకో" అని పెట్టేస్తారు.

పండుకుంటా మేడం. కానీ గడపలో కూర్చుని అంతా చూసింది మీరొక్కరే. ఒక్కమాట చెప్పండి, ఆ రోజు ముందు పండుకున్నది పిల్లలా, నేనా?