సున్నా నంబరు మనిషి

కంటి ఆసుపత్రి రికార్డుల గదిలో ఆవిణ్ణి అందరూ కోబాల్ అత్తయ్య అంటారు. కోబాల్ అనేది పాత కంప్యూటర్ భాష. అది తెలిసినవాళ్లంతా ఒక్కొక్కరే రిటైరయ్యాక, ఆ ఆసుపత్రి కంప్యూటర్‌తో మాటామంతీ ఆవిడొక్కదానికే మిగిలింది.

ముప్పై ఏళ్ల క్రితం ఆపరేషన్ల లిస్టు ప్రోగ్రాం రాసినప్పుడు రోజుకు నలభై పేర్లకు చోటుంచింది. అప్పుడున్నది ఒక్క డాక్టరు. ఆయనకు నలభై అంటే తలకు మించిన పని. ఇప్పుడు నలుగురున్నారు. నలభై ఒకటో పేరు చెప్పాపెట్టకుండా రాలిపోతోంది.

"సోమవారంలోగా బాగుచేయండి. లేదంటే అది తీసేసి కొత్తది పెడతాం," అన్నాడు సూపరింటెండెంటు. దాంతోపాటు తనూ ఇంటికేనని ఆవిడకు వేరే చెప్పనక్కర్లేదు.

అల్లుడు కొత్త భాషలవాడు. "అంతా తిరగరాయక్కర్లేదు అత్తయ్యా. కొత్త లైబ్రరీలో, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్టలో, లిస్టని ఒకటుంది. మీ కోబాల్‌లోంచే దాన్ని వాడుకోవచ్చు. ఎన్ని చోట్లు కావాలో ముందే చెప్పే పని లేదు, పేర్లు వచ్చేకొద్దీ అదే పెరుగుతుంది."

"ఎంతమందొచ్చినా సర్దుకుంటుందన్నమాట. మీ మామగారికంటే నయం."

కోబాల్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది, ఆ లిస్టు సున్నా నుంచి. ఇది చెప్పాల్సిన విషయమని అల్లుడికి తోచలేదు. పరీక్షించినప్పుడు చివర్లో "అలాంటి పేరు లేదు" అని ప్రోగ్రాం మొరాయించింది. ఒకటి ఎక్కువ లెక్కపెట్టానేమోనని ఆవిడ చివర ఒకటి తగ్గించింది. ప్రోగ్రాం నోరు మూసుకుంది. అదే చాలనుకుంది ఆవిడ, పేర్లు సరిచూడలేదు.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి హాలు ఖాళీ అయింది. బెంచీ మీద ఒక దర్జీ మాత్రం మిగిలాడు.

"మిమ్మల్ని పిలవలేదా?" అంది ఆవిడ.

"లేదమ్మా. పోయిన నెల అందరికంటే ఆఖర్న పేరిచ్చాను, కంప్యూటర్‌లో లేదన్నారు. అందుకే ఈసారి అందరికంటే ముందు రాయించుకున్నా. మొదటివాణ్ణి కదా, మరిచిపోరులే అని కూర్చున్నా."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. రెండుసార్లూ ఆ మనిషిని వదిలేసింది తనే. అప్పుడు నలభై దాటిన పేరు, ఇప్పుడు తను ఒకటి నుంచి చదివించడంతో మిగిలిపోయిన సున్నా నంబరు పేరు. నేరుగా ఆపరేషన్ గది దగ్గరికి వెళ్లింది. డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. పక్కనే సూపరింటెండెంటు.

"ఇంకొకరున్నారు డాక్టరుగారూ."

సూపరింటెండెంటు చేతిలోని కాగితం తిరగేశాడు. "ఆ పేరు ఇందులో లేదే."

"లిస్టులో ఉందండీ. చదవడమే నాకు రాలేదు. ఆయన సంగతి ఇవాళ చూడండి, నా సంగతి రేపు చూడొచ్చు."