చివర సున్న పెడితే తెలుగు

ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో నేను వెళ్ళిన ఒకే ఒక్క రైల్వే ఇంటర్వ్యూలో, ఆ గది లోపల ఏం జరిగిందో నాన్నకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు, ఆఖరికి నా డైరీకి కూడా చెప్పలేదు. రోజుకో పేజీ నింపితే గానీ నిద్రపట్టని నేను, ఆ తేదీ కింద ‘ఇంటర్వ్యూ అయింది’ అని రెండు మాటలు రాసి మూసేశాను.

ఇన్నేళ్ళకి దాన్ని కదిపింది మా తమ్ముడి కూతురు. మొన్న ఆదివారం ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. వచ్చేవారం దానికి ఏదో కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. అంతమందిలో మనల్నే గుర్తుపెట్టుకునేలా చేయడం ఎలాగని ఎవరో రాసిన చిట్కాలు ఒక్కొక్కటే పైకి చదువుతూ, మధ్యలో ఆగి, “అత్తా, నువ్వెప్పుడైనా ఇంటర్వ్యూకి గయీ థీ క్యా?” అంది. ఒకసారి వెళ్ళానన్నాను. “అచ్ఛా! మరి నిన్ను యాద్ పెట్టుకున్నారా వాళ్ళు?” అని నవ్వింది. నేనూ నవ్వేసి, టీ పెట్టే వంకతో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పెట్టుకునే ఉంటారు. అంతగా గుర్తుండిపోయే మనిషి వాళ్ళకి మళ్ళీ తగిలి ఉండదు.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరు. తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి కూలిగా వచ్చి రైల్వేలో చేరిన నాటి నుంచి మా వాళ్ళకి ఊరంటే ఈ రైల్వే కాలనీయే. మీలో క్వార్టర్లలో పెరిగినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు, ఆ ఇల్లు మనదే అనిపిస్తుంది గానీ మనది కాదు. నాన్న రిటైరవడానికి ఇంక అయిదు నెలలుంది. ఆ తరవాత క్వార్టరు ఖాళీ చేయాలి. పిల్లల్లో ఎవరికైనా రైల్వేలో ఉద్యోగముంటే మాత్రం అదే క్వార్టరు వాళ్ళ పేరున రాయించుకోవచ్చు. తమ్ముడింకా స్కూల్లో ఉన్నాడు, కాబట్టి ఆ ‘ఎవరికైనా’ అన్న మాట తిరిగి తిరిగి నా దగ్గరే ఆగేది. అమ్మ ఆ క్వార్టరుకే కొత్తకోడలిగా వచ్చింది. శ్రీకాకుళం వెళ్ళిపోదామా అని నాన్న ఎప్పుడైనా అంటే, “అక్కడ నాకెవలు తెలుసు?” అనేది. వాకిలి కడుగుతూ గడప దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఆనించేది. నేను చూడనట్టు పుస్తకంలోకి తల దించుకునేదాన్ని.

అటువంటి రోజుల్లో బాబాయి ఒక కబురు తెచ్చాడు. బాబాయి అంటే రక్తసంబంధం కాదు, నాన్నకి స్నేహితుడు. ఆఫీసులో గుమాస్తా. షెడ్డు మసి నాన్నదీ, ఆఫీసు సిరా ఆయనదీ అయినా సాయంత్రం డ్యూటీలు దిగాక ఇద్దరూ మా అరుగు మీద ఒకే గ్లాసులో టీ పంచుకుని తాగేవారు. రైల్వే స్కూల్లో చిన్న తరగతులకి తెలుగు చెప్పే టీచరు ఖాళీ పడిందనీ, ఇంటర్వ్యూ పెడతారనీ చెప్పింది ఆయనే. దరఖాస్తు కాగితం కూడా ఆయనే తెచ్చి, “దీని చేత బేగి సంతకం ఎట్టించన్నా, మళ్ళీ సిగ్గుపడి పారిపోద్ది” అన్నాడు.

పారిపోవాలనే ఉండేది నాకు. నలుగురిలో నోరు విప్పడమంటే ప్రాణం పోయేది. చదువంతా హిందీలో, తెలుగు ఒక సబ్జెక్టుగా ఎనిమిదో తరగతి దాకా. లైబ్రరీ నుంచి హిందీ నవలలు తెచ్చుకుని, పాఠ్యపుస్తకాల మధ్య పెట్టుకుని చదివేదాన్ని. తెలుగులో ఇంట్లో ఉన్న అచ్చుకాగితాలల్లా పంచాంగం, నాయనమ్మ వదిలివెళ్ళిన వ్రతకథల పుస్తకం, నా పాత వాచకం. మాట్లాడే తెలుగు మాత్రం ఇంటినిండా ఉండేది. కానీ అది తెలుగని ఎవరూ ఒప్పుకునేవారు కాదు. విజయవాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు భార్య, నేను ‘ఏటండీ’ అన్నప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. అందుకని ఆ మాట ఇంటర్వ్యూలో పొరపాటున కూడా రానివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

కాలనీ అంతా సలహాలిచ్చింది. పక్క క్వార్టరు అక్క తన పట్టుచీర ఇస్తానంది, రంగు చూసైనా గుర్తుంచుకుంటారని. అమ్మ పిల్లలకి పాడే పాట ఒకటి పాడమంది. బాబాయి మాత్రం చాలా ఆలోచించి చెప్పాడు: “సూడు తల్లీ, వచ్చినోళ్ళందరూ నమస్కారమండీ, నా పేరు ఫలానా అని ఒకేలాగ సెప్తారు. నువ్వు అలా సెప్పకు. అచ్చ పుస్తకాల తెలుగులో చిన్న ప్రసంగం రాసుకుని కంఠస్థం పట్టు. ముగ్గురు కూర్చుంటారు, ముగ్గురికీ మంచి దస్తూరీతో మూడు కాపీలు రాసి చేతికియ్యి. ఈ పిల్లెవలురా అనుకోవాలి ఆళ్ళు.”

నాకు ఆ ఆలోచన ఎంతో నచ్చింది. రాయడమైతే నాకు వచ్చు. కానీ పుస్తకాల తెలుగు మాటలు ఎక్కడి నుంచి తేవాలి? నాన్ననడిగితే, గోడకి వీపు ఆనించి బీడీ వెలిగించుకుంటూ, “ఇందులో ఏటుందే! హిందీ మాటకి సివర సున్న ఎట్టు, పుస్తకం తెలుగైపోద్ది. దేశ్‌కి సున్న ఎడితే దేశం, ధర్మ్‌కి ఎడితే ధర్మం, దుఃఖ్‌కి ఎడితే దుఃఖం. అంతేగదా?” అన్నాడు. నేను డైరీ తెరిచి ఒక ఇరవై మాటలకి సున్నలు పెట్టి చూశాను. అన్నీ వాచకంలో ఉన్నట్టే తేలాయి. నాన్న చదివింది అయిదో తరగతే అయినా భలే కిటుకు కనిపెట్టాడే అని మురిసిపోయాను. వారం రోజులు కూర్చుని ఒక పేజీ ప్రసంగం రాశాను. బాబాయికి తెలుగు చదవడం రాదు, నేను చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని విని, “రేడియోలో వచ్చినట్టుందే” అన్నాడు. నాన్న రెండుసార్లు చదివించుకున్నాడు. దిద్దగలిగినవాళ్ళు మా ఎరికలో ఒక్కరూ లేరు.

ఇంటర్వ్యూ రోజున వరండాలో బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళ పేర్లు పిలుస్తున్నది బాబాయే. లోపల ముగ్గురు. హిందీ మాట్లాడే హెడ్మాస్టరుగారు, ఒక ఆఫీసరు, తెలుగు పరీక్షించడానికి విశాఖపట్నం నుంచి పిలిపించిన లెక్చరరుగారు. ఆవిడ పెద్దావిడ, చల్లని ముఖం. మూడు కాపీలు ముగ్గురికీ ఇచ్చి, చేతులు కట్టుకుని, గోడ మీది గడియారాన్ని చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను.

“మహోదయులారా! నాకు ఈ అవసరం కల్పించినందుకు ధన్యవాదములు. బాల్యం నుండి నేను అనేక ఉపన్యాసములు చదివాను. పిల్లలకు మంచి శిక్ష ఇవ్వడమే నా జీవన లక్ష్యం. ఈ పదవి నాకే ఇవ్వవలెనని మీతో నా ఆగ్రహం.”

లెక్చరరుగారు కాగితంలోంచి తలెత్తారు. “ఏం శిక్ష వేస్తావమ్మా పాపం, చిన్నపిల్లలకి?” అన్నారు.

పాఠాల గురించి అడుగుతున్నారనుకున్నాను. “మొదట ప్రాథమిక శిక్షండి. తరవాత ఉచ్చ శిక్ష,” అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసేశారు. “మరి మా మీద ఆగ్రహం దేనికి? మేమేం చేశాం?”

“ఉద్యోగం కోసమండి.”

ఇంక ఆవిడ ఆపుకోలేకపోయారు. ఆఫీసరుకి ఇంగ్లీషులో చెబితే ఆయన బల్ల మీద అరచేత్తో కొట్టి మరీ నవ్వారు. హెడ్మాస్టరుగారొక్కరే అయోమయంగా ఇటూ అటూ చూసి, “క్యా హువా? లడ్‌కీ తో ఠీక్ బోల్ రహీ హై,” అన్నారు. ఆయన లెక్కన నేను చెప్పిందంతా సరైనదే. హిందీలో శిక్షా అంటే చదువు, అవసర్ అంటే అవకాశం, ఉపన్యాస్ అంటే నవల, ఆగ్రహ్ అంటే మనవి. తెలుగులోకి వచ్చేసరికి నేను పిల్లల్ని దండిస్తానన్నాను, పెద్దల మీద కోపంగా ఉందన్నాను. లెక్చరరుగారు కళ్ళు తుడుచుకుని, ఒక్కో మాటకీ అర్థం నెమ్మదిగా చెప్పారు. ఆవిడలో ఎగతాళి లేదు, అది నేనిప్పుడూ చెప్పగలను. అదయ్యాక ముందుకి వంగి, “పోనీలే తల్లీ, ఇదంతా పక్కన పెట్టు. పొద్దున్న పిల్లల్ని బడికి పంపేటప్పుడు మీ అమ్మ ఏమంటుందో అలాగే అను. మీ ఇంట్లో మాటే నాకు కావాలి,” అన్నారు.

అమ్మ ఏమంటుందో నా చెవిలో గింగురుమంటూనే ఉంది. “ఏటిరా ఇంకా, బేగెల్లు, బండి కూతేసీసింది.” ఆ మాట అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆవిడ కలం పట్టుకుని చాలాసేపు నా ముఖం చూశారు. నేను నేల చూశాను. కాసేపటికి హెడ్మాస్టరుగారు ఇంక వెళ్ళమన్నారు.

బయటికొస్తే బాబాయి బల్ల ముందు లేచి నిలబడి ఉన్నాడు. ఆ తలుపులు సగానికే ఉండేవి, లోపలి మాట, నవ్వు, అంతా వరండాలోకి వినిపించేది. కూజాలోంచి గ్లాసెడు మంచినీళ్ళు వంచి ఇచ్చి, తరవాతి పేరు పిలిచాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న గేటు దగ్గరే ఉన్నాడు. “ఏటైందే?” అన్న ఆ ముఖం చూశాక, నువ్వు చెప్పిన సున్న వల్లే నాన్నా అని ఎలా అనగలను? “ముందే ఎవరినో అనుకున్నారట,” అన్నాను. అంతవరకే నేనాడిన అబద్ధం. మిగతాది నాన్న తనే అల్లుకున్నాడు. ఫైళ్ళు మోసేవాడికి, పేర్లు పిలిచేవాడికి ఆ సంగతి తెలియకుండా ఎలా ఉంటుందన్నాడు. నేను అవుననలేదు, కాదనీ అనలేదు. ఉద్యోగం వాల్తేరు వైపు అమ్మాయికి వచ్చిందని తెలిసిన సాయంత్రం, ఎప్పటిలాగే టీ వేళకి బాబాయి వస్తే నాన్న గేటు తియ్యలేదు.

“నీకు ముందే తెలుసు గదరా? తెలిసీ నా గుంట చేత వారం రోజులు ప్రసంగాలు రాయించినావు. ఇద్దరూ కలిసి నవ్వుకోడానికేటి?”

“అన్నా, నా మాటిను—”

“వినీసినాను. పో.”

బాబాయి నాన్న భుజం మీదుగా నావైపు చూశాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన ఒక్క మాట చెబితే నిర్దోషిగా తేలిపోయేవాడు. మీ పిల్లే తప్పు మాటలు చెప్పింది, అందరూ నవ్వారు, నేను చెవులారా విన్నానంటే చాలు. ఆయన నా ముఖం చూసి, ఆ మాట మింగేసి, సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. నేను పిలవలేదు. పిరికితనానికి సిగ్గు అని పేరు పెట్టుకుని బతికినదాన్ని, ఆ రోజూ అదే చేశాను.

అయిదు నెలలకి క్వార్టరు ఖాళీ చేసి ఊళ్ళోనే తెలిపారా అనే పేటలో రెండు గదుల అద్దె ఇంట్లోకి మారాం. అమ్మ ఆ ఇంట్లో ఎప్పుడూ కుదురుకోలేదు. నేను ఉస్లాపూర్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో హిందీ చెప్పుకుంటూ, నిఘంటువు తెప్పించుకుని ఒక్కొక్క మాటా నేర్చుకున్నాను. ఈ తెలుగంతా ఆ తరవాత పట్టుకున్నదే, దేనికీ పనికిరాని వేళకి. నాన్న మాత్రం ఎవరు కలిసినా బాబాయి ద్రోహం కథ చెప్పేవాడు. చెప్పేకొద్దీ అది పెరిగింది. పెళ్ళిళ్ళలో ఇద్దరూ చెరో పందిరి గుంజ దగ్గర కూర్చునేవారు. నిజం చెప్పాలని నేను ప్రతి ఏడాదీ అనుకున్నాను. ఏళ్ళు గడిచేకొద్దీ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న ఒకటి అదనంగా వచ్చి కూర్చునేది.

ఇప్పుడు ఆ స్కూల్లో తెలుగు చదివే పిల్లలే లేరని విన్నాను. మా కాలనీ ఇళ్ళల్లో ఏటి అనేవాళ్ళూ లేరు, అది విని నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళూ లేరు. మా తమ్ముడి కూతురికి నేను ఆగ్రహం అంటే మనవి అనే అర్థమవుతుంది. నవ్వడానికి కూడా ఒకరికి భాష తెలిసి ఉండాలి కదా. అప్పటి నా సిగ్గు ఎంత పెద్దదని అనుకున్నానో, దాన్ని అర్థం చేసుకునే మనిషి కూడా మిగలనంతగా కాలం మారిపోయింది. దాని కోసం నేను పోగొట్టినది మాత్రం అలాగే ఉంది.

నాన్న రైల్వే ఆసుపత్రిలో ఉన్న చివరి రోజుల్లో, ఒక మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. అప్పటికి చకర్‌భాటా వైపు ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. నడుం వంగింది, చేతిలో టీ ఫ్లాస్కు. గది గుమ్మంలోనే ఆగిపోయి నావైపు చూశాడు. నాన్న కళ్ళు తెరిచి చూసి, అటువైపు తిరిగి పడుకున్నాడు. ఇప్పుడు, ఇప్పుడే చెప్పెయ్యాలని మంచం దగ్గరికి వెళ్ళి వంగాను. “నాన్నా, ఆ ఇంటర్వ్యూ రోజు…” అన్నాను. నాన్న కష్టపడి చెయ్యెత్తి నా నోటి మీద పెట్టాడు. నేను ఆ మనిషిని క్షమించమని అడగబోతున్నాననుకున్నాడు. ఆ చెయ్యి తీసి మిగతాది చెప్పడానికి నాకు ఒక్క నిమిషం ధైర్యం సరిపోయేది. గుమ్మంలో ఫ్లాస్కు కింద పెట్టిన చప్పుడైంది, అడుగులు వెనక్కి వెళ్ళాయి. తెల్లారేసరికి నాన్న లేడు. ఆ మధ్యాహ్నం తరవాత నాతో ఇంకేమీ మాట్లాడలేదు. నా నోటి మీద చెయ్యి అలాగే ఉంచి అన్నదే ఆఖరు:

“నీకు అన్నేయం చేసినోడి మొకం నాకొద్దు తల్లీ. తలుపేసీ.”